దేవుడిగది పక్క కంప్యూటర్

"పొయ్యి మీద ఉండగానే ఆవ కలిపితే చేదెక్కుతుంది కదమ్మా అంటున్నాను. అంతకన్నా నేనేం అన్నాను?" అంది వీరవేణి, నాలుగోసారి.

దించాకే కలిపానని పెద్దకోడలు భవానీదేవి అప్పటికి మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి చెప్పకుండా కందబచ్చలి కూర గిన్నె మీద మూత పెట్టేసింది. వీరవేణి ఆ మూత తీసి, వేలికొసతో కొంచెం నాలుకకి రాసుకుని కళ్ళు మూసుకుంది. తన పుట్టింట్లో అయితే ఇలాంటి కూర కుడితితొట్టిలో పోసేవారనీ, ఈ ఇంట్లో అంత పట్టింపు లేదు కాబట్టి అందరూ తినెయ్యొచ్చనీ, కార్తీకమాసంలో చేదు ఒంటికి మంచిదేననీ చెప్పింది. గొంతు ఏమాత్రం పెంచలేదు. ఆ ఇంట్లో గొంతు పెంచే అలవాటు ఎవరికీ లేదు.

సోమవారం నుంచీ ఇంట్లో అందరూ కూరల గురించే మాట్లాడుకుంటున్నారు. ఆ మాట ఆగితే నూకయ్య చెరువు సంగతి ఎత్తాలి.

ఆ సంగతి కొంత మనకి తెలుసు. ఉప్పలగుప్తం నుంచి ముమ్మిడివరం దాకా నూట నలభై రొయ్యల చెరువులకి ఈ ఇంటివాళ్ళు కాపలా. గట్టు మీద నిలబడి కాసే కాపలా కాదు. చెరువులో ఆక్సిజన్ పడిపోయినా, నీళ్ళు చిలికే ఏరియేటర్లకి కరెంటు పోయినా రెండు నిమిషాల్లో రైతు ఫోను మోగాలి. ఆ పని ఫీడు గోడౌను వెనక చల్లగదిలో ఉన్న మూడు సర్వర్లు చేస్తాయి. వాటిని చూసుకునేది చిన్నకోడలు లక్ష్మీతులసి. ఒక్కో పెట్టెలో పన్నెండేసి కంప్యూటర్లు ఉన్నట్టు లెక్క. ఇల్లు ఒకటే, లోపల కాపరాలు వేరు. అప్‌డేట్ చెయ్యాలంటే ఒక పెట్టెలోని కాపరాలన్నిటినీ మిగతా రెండిట్లోకి సర్ది, ఖాళీ అయినదాన్ని ఆపి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, మళ్ళీ లేపి, అది నిలదొక్కుకున్నాక వెళ్ళినవాళ్ళని వెనక్కి తెచ్చి, అప్పుడు గానీ రెండోదాని మీద చెయ్యి వెయ్యకూడదు. రెండు ఒకేసారి ఆగితే మూడోది మొయ్యలేదు.

మిట్టమధ్యాహ్నం చేస్తానని తులసి అడిగింది. ఎండలో చెరువుకి ఆక్సిజన్ దానంతటదే ఉంటుంది, అరగంట కాపలా లేకపోయినా ప్రాణం పోదు. మామగారు చిన్నబ్బాయిగారు పంచాంగం చూసి, కార్తీక సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెట్టమన్నారు. ఆరు దాటి అయిదు నిమిషాలకి వర్జ్యం వస్తుంది. తులసి మేడ మీద గదిలో కూర్చుంది. ఆమె దగ్గర పని నేర్చుకున్న శారోన్ ఎనిమిది కిలోమీటర్ల అవతల ఆఫీసు చల్లగదిలో ఉంది. మొదటి సర్వర్ ఆగి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కుతుండగా అయిదూ ఇరవైకి వీరవేణి మెట్ల కిందనుంచి పిలిచింది. కాలువ స్నానం, దీపం. ఆ అరగంటలో ముట్టుకోవాల్సిందేమీ లేదని తులసి లేచి వెళ్ళింది.

తడిచీరతో తిరిగొచ్చేసరికి రెండు సర్వర్లు ఆగి ఉన్నాయి. మూడోది మొయ్యలేక కొన్నిటిని వదిలేసింది. వదిలేసినవాటిలో చెరువుల కాపలా ఒకటి. సరిగ్గా ఆ వేళకే నూకయ్య చెరువు మీద కరెంటు పోయింది. రెండెకరాల కౌలు చెరువు, నూట అయిదు రోజుల పంట, గురువారం రొయ్య పట్టుబడి. ఫోను తలదగ్గర పెట్టుకుని, మోగుతుంది కదా అని నూకయ్య నిద్రపోయాడు. లేచి చూసేసరికి గట్టు పొడుగునా రొయ్య తెల్లగా తేలి ఉంది.

రెండో సర్వర్ ఆపింది ఎవరో చూడడానికి మంగళవారం తులసి, ఎవరు ఎప్పుడు ఏది నొక్కారో నమోదయ్యే లాగ్ తెరిచిన దగ్గర మనం ఆగాం. అందులో ఏముందో ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇవాళ బుధవారం.

శారోన్ని పదకొండింటికే పిలిపించారు. వసారాలో బల్ల మీద కూర్చుని ఉంది. ముందు అన్నాలు తిని తరవాత మాట్లాడదామని వీరవేణి అంది. ఆ పిల్లకి మంచినీళ్ళు పంపించారు, కిటికీ గట్టు మీద ఎప్పుడూ బోర్లించి ఉండే స్టీలు గ్లాసుతో. మూడేళ్ళుగా ఆ గ్లాసు శారోన్ ఒక్కతిదే. లోపలి గ్లాసులతో కలిపి ఎవరూ కడగరు.

మజ్జిగన్నం దగ్గర బావగారు నాగదుర్గాప్రసాద్ చొక్కా జేబులోంచి కాగితం తీసి తులసి కంచం పక్కన పెట్టాడు.

"చదువుకో అమ్మా. తప్పులుంటే దిద్దు. నీ తెలుగు బావుంటుంది."

సోమవారం తెల్లవారుజామున డ్యూటీలో నిద్రమత్తులో ఉండి, ఎవరూ చెప్పకుండానే రెండో సర్వర్ ఆపేశాననీ, నూకయ్యగారి నష్టానికి తన నిర్లక్ష్యమే కారణమనీ, యాజమాన్యానికి ఏ సంబంధమూ లేదనీ శారోన్ ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. కింద రెండు సంతకాలకి చోటు. ఒకటి శారోన్‌ది, ఒకటి పైన పని చూసే లక్ష్మీతులసిది.

రేపు నూకయ్య పెద్దమనుషులతో వస్తాడనీ, ఈ కాగితం చూపిస్తే వ్యవహారం ఈ గుమ్మం ముందే తేలిపోతుందనీ బావగారు నెమ్మదిగా వివరించాడు. పోలీసుల దాకా వెళ్ళరు. ఉద్యోగం మాన్పిస్తారు, అంతే. వాళ్ళమ్మ కనకమ్మ మన షెడ్డులోనే రొయ్య ఒలుస్తోంది. ఈ పిల్ల బుద్ధిగా సంతకం పెడితే కనకమ్మ పని కనకమ్మకి ఉంటుంది.

"ఆడపిల్ల కదా, పోలీసులొద్దని నేనే అన్నాను," అంది వీరవేణి. "రేపు పెళ్ళి కావలసిన పిల్ల."

తులసి చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఎక్కణ్ణుంచి ఆపిందండి బావగారూ?"

"ఆఫీసు నుంచి. ఇంకెక్కణ్ణుంచి ఆపుతుంది?"

తులసి నాలుగు మడతలు పెట్టిన ప్రింటు తీసి ఆయన కాగితం పక్కనే పరిచింది.

"పేరు శారోన్‌దే ఉందండి. టైము అయిదూ నలభై ఒకటి. ఆ పక్కనున్నది, నొక్కిన కంప్యూటర్ పేరు. అది ఆఫీసుది కాదండి. మన మేడ మీద, దేవుడిగది పక్కగదిలోది. లోపల పద్దెనిమిది నడుస్తున్నాయి, అన్నీ ఆగిపోతాయి, ఆపమంటారా అని అడిగింది. అవునన్నారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ అవునన్నారు."

భవానీదేవి ఎవరూ అడక్కుండానే మజ్జిగ వడ్డించింది. నాగదుర్గాప్రసాద్ తండ్రి వైపు చూశాడు. ఆ చూపు తులసి చూసింది.

చిన్నబ్బాయిగారు గొంతు సవరించుకున్నారు. బయల్దేరాల్సిన గడియ దాటిపోతుంటే చేతిసంచి తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టి రావడం లేదా, అన్నారు. దాన్ని ప్రస్థానం అంటారు, బయల్దేరినట్టే లెక్క. తరవాత ఎప్పుడు వెళ్ళినా దోషం లేదు. అలాగే వర్జ్యం రాకముందే మిగతా రెండిటికీ చెయ్యి పెట్టమని సోమవారం చెప్పానన్నారు, పని తరవాత నిదానంగా చేసుకోవచ్చని. "చెయ్యి పెట్టమన్నాను గానీ ఆపమన్లేదే," అన్నారు పెద్దకొడుకుతో.

"ఆపడంతోనే కదా నాన్నా మొదలెట్టేది? మొదటిదాన్నీ తులసి అలాగే మొదలెట్టింది, నేను వెనకాల నిలబడి చూసేను. మూడోదీ నొక్కేవాణ్ణే, ఈలోగా ఫోనొచ్చింది."

మూడోదీ నొక్కి ఉంటే నూట నలభై చెరువులూ అదే గంటలో గుడ్డివైపోయేవి. ఆ మాట తులసి పైకి అనలేదు.

"మీరు నొక్కితే శారోన్ పేరెలా పడిందండి?"

జవాబు ఆమె భర్త సాయిదుర్గాప్రసాద్ ఇచ్చాడు, కంచంలోంచి తలెత్తకుండా.

"నీ లాగిన్ లాక్ పడిపోయింది. సొరుగులో నీ పుస్తకం ఉంది కదా, అందులో ఆ అమ్మాయి పాస్‌వర్డ్ ఉంది. అన్నయ్య అడిగితే చూపించేను."

తులసి అతని వైపు చూసింది. సోమవారం సాయంత్రం తను ఏడుస్తుంటే పక్కన కూర్చుని వీపు నిమిరింది ఇతనే. బయటివాళ్ళని అంతగా నమ్మకూడదనీ, ఆ అమ్మాయి ఇంత పని చేస్తుందని తనూ అనుకోలేదనీ చెప్పింది ఇతనే. అప్పటికి అతనికి అంతా తెలుసు. నిమిరిన చెయ్యే ఇప్పుడు అన్నం కలుపుకుంటోంది.

పుస్తకంలో రాసింది మాత్రం తనే. శారోన్‌కి ఎప్పుడైనా జ్వరమొస్తే పనికొస్తుందని.

"శారోన్ మూడేళ్ళలో ఈ గడప దాటలేదండి," అంది. "దాటనివ్వలేదు మనం. వసారాలో ఆ బల్ల దాకానే. దేవుడిగది పక్కన కూర్చుని నొక్కిందంటే నూకయ్యగారు ఎలా నమ్ముతారండి? ఊళ్ళో ఎవరు నమ్ముతారు?"

వీరవేణి అరచేతిలో మిగిలిన మజ్జిగ నాక్కుని, కంచంలోనే చెయ్యి కడుక్కుంది.

"కూర్చుంది," అంది. "సోమవారం నేనే పిలిచేను."

నాగదుర్గాప్రసాద్ తల్లి వైపు తిరిగాడు.

"చలికి వణుకుతూ వచ్చింది పాపం. పైకెళ్ళి కూర్చోమన్నాను. అతి మంచితనం పనికిరాదని ఇప్పుడు తెలిసింది. రాయి నాన్నా, ఇంటికొచ్చిందని రాయి."

"నేను మీతోనే ఉన్నానండి అత్తయ్యగారూ."

"నువ్వు ముందు నడిచేవమ్మా. దీపాల పళ్ళెం మర్చిపోయి నేను వెనక్కి వెళ్ళలేదూ? అప్పుడొచ్చింది."

పళ్ళెం కోసం ఆవిడ వెనక్కి వెళ్ళిన మాట నిజమే. ఆ కాస్త నిజం మీద మిగతాదంతా ఎంత తేలిగ్గా నిలబెట్టేసిందో తులసి గమనించింది. ఆ పిల్ల అయిదింటికే ఎవరిదో మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయిందని ఆఫీసు వాచ్‌మన్ ఆదినారాయణ చెబుతాడనీ, వాడు ఏం చెప్పమన్నా ఆయ్ అంటాడనీ బావగారు ఊరట పడుతూ అన్నాడు. కలం తీసి రెండు వాక్యాలు ఇరికించాడు.

వీరవేణి ఇంకా అయిపోలేదు.

"మరి అంత జరిగేక గది అలాగే ఉంచుకుంటామా? పక్కనే దేవుడు. రేపొచ్చేవాళ్ళు అడిగితే ఏం చెబుతాం? భవానీ, పసుపునీళ్ళు పట్టుకెళ్ళి గది కడిగెయ్యి. తూములోంచి కిందికి పోనీ. నలుగురూ చూడాలి."

రాని మనిషి వచ్చినందుకు గది కడగాలి. కడిగితే వచ్చినట్టే. భవానీదేవి బిందె ఎత్తుకుని మెట్లెక్కింది. కూర సంగతి అందరూ మర్చిపోయారన్న తేలిక ఆమె నడకలో తెలిసింది.

తులసి కాగితం అందుకుని కొత్త వాక్యాలు చదివింది. తరవాత అత్తగారి ముందు పెట్టింది.

"పిలిచింది మీరు కాబట్టి ఈ మాట కింద సాక్షిగా మీరుండాలండి. మీ సంతకం లేకపోతే నూకయ్యగారు దీన్ని నమ్మరు. మీరు పెట్టాక శారోన్ దగ్గరికి నేనే పట్టుకెళతాను."

"అదీ నిజమే," అన్నాడు నాగదుర్గాప్రసాద్.

"నాకేం భయం?" అంది వీరవేణి. కళ్ళజోడు తెప్పించుకుని, బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో, ఒత్తిపెట్టి పేరు రాసింది.

వసారాలో శారోన్ కాళ్ళు బల్ల మీదికి ముడుచుకుని కూర్చుంది. మేడ మీది తూములోంచి పచ్చటి నీళ్ళు బల్లకి ముందు పడి, చిమ్మి, మెట్ల మీదినుంచి పెరట్లోకి పోతున్నాయి.

"పసుపునీళ్ళు పడుతున్నాయండి మేడమ్," అంది. "ఇంట్లో ఏమైనా పండగాండి?"

తులసి కాగితం ఇచ్చింది. శారోన్‌కి ఇరవై నాలుగేళ్ళు. ఏది చదివినా రెండుసార్లు చదువుతుంది. ఆ అలవాటు చూసే తులసి ఆమెని పనిలో పెట్టుకుంది. రెండోసారి చదువుతూ ఒకచోట ఆగి, తూము వైపు తలెత్తి చూసింది.

"ఇది నా కోసమాండి? రాకముందే కడిగేసేరా?"

నవ్వబోయింది, రాలేదు.

తులసి జరిగిందంతా చెప్పింది. ప్రస్థానం సంగతి, భర్త సొరుగు తియ్యడం, ఏదీ దాచలేదు. పాస్‌వర్డ్ పుస్తకంలో రాసిన తప్పు తనదేనని కూడా చెప్పింది.

"తెలుసండి. ఎక్కడా రాసి పెట్టొద్దని నాకు నేర్పింది మీరే," అంది శారోన్. నిష్ఠూరంగా అనలేదు. అందుకే తులసికి తలెత్తడం కష్టమైంది.

శారోన్ కాగితం ఒళ్ళో పెట్టుకుంది. అమ్మ షెడ్డులో ఉందనీ, మేడమ్ పెట్టమంటే సంతకం పెట్టేస్తాననీ, కానీ పెట్టాక ఇంకెక్కడా ఏ సర్వర్ ముందూ తనని కూర్చోనివ్వరనీ చెప్పింది. నూకయ్య వాళ్ళ వీధి మీదుగానే తను రోజూ బస్సుకి నడవాలి. నిన్న ఆయన భార్య ఎదురొచ్చింది. తిట్టలేదు. పక్కకి తప్పుకుని దారిచ్చింది.

"పెట్టొద్దు," అంది తులసి.

"పెట్టకపోతే అమ్మని తీసేస్తారండి."

"తీసేస్తారు." అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాలేదు. "నేనాపలేను."

తూము నీళ్ళు సన్నబడి, చుక్కలయ్యాయి. శారోన్ కాగితాన్ని మడతల మీదే మడిచింది.

"ఎలా ఉంటుందండి ఆ గది?"

"ఏ గది?"

"నేను కూర్చున్నదండి. పెద్దమ్మగారు సంతకం పెట్టి మరీ చెప్పేరు కదా. ఎలా ఉంటుందో తెలియకపోతే ఎవరైనా అడిగినప్పుడు ఏం చెప్పనండి?"

కిటికీలోంచి కొబ్బరితోట కనిపిస్తుందని చెప్పింది తులసి. బల్ల ఎత్తు తక్కువని, కుర్చీ ఒక పక్కకి ఒరుగుతుందని చెప్పింది.

"రెండోదానికి ఆ రోజే ఎక్కించేసేం గానీ మూడో సర్వర్ ఇంకా పాతదేనండి," అంది శారోన్, పని మాట్లాడే గొంతుతో. "రెండు కొత్తవీ ఒకటి పాతదీ ఎక్కువ రోజులు ఉంచకూడదన్నారు కదా మీరు. ఎలాగూ చెయ్యాలి. ఒకసారి లోపలికి పిలిచినమ్మాయిని రెండోసారి ఆపుతారాండి? ఆపితే మొదటిసారి పిలవనట్టే కదా." కాగితం సంతకం లేకుండానే తిరిగిచ్చింది. "అమ్మకి నేను చెప్పుకుంటానండి. మన ఏరియాలో రొయ్య ఒలిచే షెడ్డులు ఇదొక్కటే కాదు."

గ్లాసులో మిగిలిన నీళ్ళు పెరట్లో పారబోసి, దాన్ని కిటికీ గట్టు మీద బోర్లించకుండా నిలబెట్టింది. చెప్పులు వేసుకుని, పచ్చటి తడి మీద అడుగులేసుకుంటూ గేటు వైపు వెళ్ళిపోయింది.

తులసి లోపలికి వచ్చేసరికి కంచాలు ఎత్తేశారు. మామగారు వక్క నములుతున్నారు. భవానీదేవి ఖాళీ బిందెతో మెట్లు దిగుతోంది. పెట్టిందా అని బావగారు చెయ్యి చాపాడు. తులసి కాగితం ఇవ్వలేదు. గడప దగ్గరే నిలబడింది.

"రేపు పన్నెండింటికి మూడో సర్వర్ అప్‌డేట్ చేస్తామండి," అంది, రేపు చెయ్యబోయే కూర చెప్పినంత మామూలుగా.

అప్పుడు వర్జ్యమని చిన్నబ్బాయిగారు గోడకున్న పంచాంగం వైపు తిరిగారు.

"ఆయ్, తెలుసండి మావయ్యగారూ. ఎండ బావుంటుంది. శారోన్ వచ్చి మేడ మీద గదిలో కూర్చుని చేస్తుంది. నూకయ్యగారినీ పెద్దల్నీ కూడా పైకే రమ్మని నేను ఫోన్ చేసి చెబుతాను. ఎవరు కూర్చుని ఎవరి పాస్‌వర్డ్‌తో నొక్కితే ఎవరి పేరు పడుతుందో వాళ్ళే చూస్తారు. అత్తయ్యగారి సంతకం ఉన్న కాగితం అప్పటిదాకా నా దగ్గరే ఉంటుంది."

సాయిదుర్గాప్రసాద్ మొదటిసారి తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు. కళ్ళజోడు ఇంకా తియ్యని అత్తగారి వైపే చూస్తోంది.

"రేపటికి గది ఆరిపోతుంది కదండీ అత్తయ్యగారూ?" అంది.